సీఎంఎల్‌తో రెండున్నరేళ్లు: రాయగడ నుంచి విశాఖకి, నా అనుభవం

2022 దసరా ముందు నెల. నా కుట్టుమిషన్ పక్కన జాకెట్ల మూటలు పేరుకుపోయాయి. నాకేమో ముందుకు వంగి హుక్స్ కుడుతుంటే ఎడమ డొక్కలో ఏదో అడ్డుపడుతున్నట్టు ఉండేది. అన్నం సగం తినేసరికి కడుపు నిండిపోయేది. రాత్రుళ్లు తలగడ తడిసేంత చెమట. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లంతా "భలే సన్నబడ్డావే, ఏం తింటున్నావేటి?" అని అడుగుతుంటే నాకూ లోపల సంతోషంగానే ఉండేది.

ఆ జబ్బు పేరు సీఎంఎల్, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. రక్త కేన్సర్లలో ఒక రకం. రిపోర్టులో ఆ మూడక్షరాలు చూసి, రాత్రంతా ఫోన్లో వెతికి, తెల్లారేసరికి సగం ప్రాణం పోగొట్టుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, జాకెట్లు కుడతాను. పార్వతీపురంలో ఇంటర్ బైపీసీ చదివి, పెళ్లయి ఒడిశాలోని రాయగడ వచ్చాను. మా మరిది బీఫార్మసీ చేశాడు కాబట్టి అర్థం కానివి వాడిని అడిగి తెలుసుకున్నాను. మందులు, మోతాదులు నాకు రాసినవి. మీకు మీ డాక్టరు చెప్పిందే లెక్క.

మా వైపు ఎడమ డొక్క బరువంటే ముందు మలేరియానే అనుకుంటారు. రాయగడ, కొరాపుట్ కొండల్లో ఉండేవాళ్లెవరైనా అంతే. మా అత్తయ్య చెయ్యి పెట్టి చూసి "బల్ల పెరిగిందే అమ్మాయ్" అంది. బల్లంటే ప్లీహం, ఎడమ డొక్కలో ఉంటుంది. ఇక్కడి డాక్టరుగారూ అదే చూసి మలేరియాకి, సికిల్‌సెల్ అనే రక్త జబ్బుకి పరీక్షలు రాశారు. రెండూ లేవని వచ్చింది. గ్యాస్ మాత్రలతో అక్టోబరు గడిచిపోయింది. దీపావళి తర్వాత మెట్లెక్కితే ఆయాసం కూడా మొదలైంది. అప్పుడు, నవంబరు 4న, మామూలు రక్తపరీక్ష, అదే సీబీసీ, చేయించుకోమన్నారు.

రక్తం ఇచ్చి ఇంటికొచ్చి బియ్యం కడుగుతున్నాను. ల్యాబ్ నుంచి ఫోన్. "అక్కా, ఒకసారి మళ్లీ రావాలి, మిషన్ సరిగ్గా చూపించట్లేదు" అన్నాడు ఆ అబ్బాయి. వెళ్తే ఇంకో చేతి నుంచి తీశాడు. ఈసారి ఒక చుక్క గాజు పలక మీద రాసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నా మొహం చూడకుండా డాక్టరుగారికి ఫోన్ చేశాడు. కాగితం మీద తెల్లకణాలు 2,14,000 అని ఉంది. మామూలుగా 4,000 నుంచి 11,000 లోపు ఉండాలట. మిషన్ మొదటిసారి కూడా సరిగ్గానే చూపించిందన్నమాట. డాక్టరుగారు నన్ను బయట కూర్చోబెట్టి మా ఆయనతో మాట్లాడారు. తలుపు సందులోంచి "వైజాగ్" అన్న మాట ఒక్కటే వినిపించింది.

ఆ నవంబరు 8న కార్తీక పౌర్ణమి, పైగా చంద్రగ్రహణం. గ్రహణం వెళ్లాక బయల్దేరమని అత్తయ్య పట్టుబట్టింది. మా ఆయన ఎప్పుడూ తల్లి మాట కాదనరు. ఆ రోజు మాత్రం "నువ్వు మజ్జి గౌరమ్మకి మొక్కుకో అమ్మా, మేం వెళ్తాం" అని సోమవారం 7వ తేదీనే రైలెక్కించారు. రాయగడ నుంచి విశాఖ నాలుగైదు గంటలు. పార్వతీపురం స్టేషన్లో మా తమ్ముడు టిఫిన్ డబ్బాతో ఎక్కి మాతోనే వచ్చాడు. ముగ్గురం ఆ దారంతా కరెంటు బిల్లు గురించి, పిల్లల ఫీజుల గురించి మాట్లాడుకున్నాం.

విశాఖ ఆసుపత్రిలో మొదటి దెబ్బ జబ్బు వల్ల కాదు, అడ్రసు వల్ల తగిలింది. "ఏ జిల్లా అమ్మా?" "రాయగడండి." "ఒడిశానా? అయితే ఆరోగ్యశ్రీ రాదు. క్యాష్ కౌంటర్‌కి వెళ్లండి." మా దగ్గర అప్పట్లో ఒడిశా ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు ఉండేది. ఆసుపత్రిలో మంచం మీద చేరితేనే దానికి విలువ ఉండేది. నాది పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే ఓపీ వైద్యం, మాత్రల వైద్యం. నాకు మటుకు అది అక్కరకు రాలేదు. తర్వాత సాయం కోసం మా వైపు ఒక ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే అక్కడ ఇంకో చిక్కు. ఒడియాలో 'వ'ని 'బ' చేస్తారు కదా, నా ఆధార్లో పేరు 'బ'తో మొదలవుతుంది, విశాఖ రిపోర్టుల్లో 'వ'తో మొదలవుతుంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నారు. తెచ్చాను. ఆ అర్జీ ఏమైందో ఇవాళ్టికీ జవాబు లేదు. సరిహద్దులో ఉండేవాళ్లు మొదటి రోజే ఓపీ చీటీ మీద ఆధార్లో ఉన్న స్పెల్లింగే రాయించుకోండి, తర్వాత మార్చడం తలనొప్పి.

మా తమ్ముడు "అక్కా, మా ఆరోగ్యశ్రీ కార్డులో నీ పేరెక్కించేద్దాం, ఎవరడుగుతారు" అన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి నడిచే వైద్యం, మధ్యలో ఎవరైనా పట్టుకుంటే మందు ఆగిపోతుంది, అది మనవల్ల కాదు అన్నారు. అప్పుడు నాకు కోపమొచ్చింది కానీ ఆ మాట నిజమే.

బోన్‌మ్యారో పరీక్ష, అంటే ఎముక మజ్జ పరీక్ష, నవంబరు 9న. దీని గురించి అందరూ భయపెడతారు కాబట్టి వివరంగా చెప్తాను. పక్కకి తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకోమన్నారు. నడుం వెనక, తుంటి ఎముక పైన మత్తు సూది. అది మామూలు సూదిలాగే చురుక్కుమంది. తర్వాత లావు సూదిని ఎముకలోకి తిప్పుతూ దించుతారు. అక్కడ నొప్పి కన్నా ఒత్తిడి ఎక్కువ, ఎవరో మోకాలితో అదుముతున్నట్టు. అసలు నొప్పి మజ్జని సిరంజిలోకి లాగిన ఆ నాలుగైదు సెకన్లు. తుంటి నుంచి కాలి బొటనవేలి దాకా జివ్వున లాగింది, కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని "దగ్గు అమ్మా, గట్టిగా దగ్గు" అంది. దగ్గాను. అయిపోయింది. చిన్న ఎముక ముక్క కూడా తీశారు. అరగంట వెల్లకిలా పడుకోబెట్టి పంపేశారు. రెండు రోజులు ఆ చోట కూర్చుంటే సలిపింది. ఈ పరీక్ష, క్రోమోజోముల పరీక్ష, బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష (అదేంటో కింద చెప్తాను) అన్నీ కలిపి 14,500 అయింది.

రిపోర్టు వచ్చేదాకా తెల్లకణాలు తగ్గడానికి హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్స్, యూరిక్ యాసిడ్ పెరగకుండా ఇంకో మాత్ర ఇచ్చారు. నీళ్లు బాగా తాగమన్నారు. కణాలు ఒక్కసారిగా చచ్చిపోతే కిడ్నీల మీద భారం పడుతుందట. పన్నెండో రోజున, 21న, రిపోర్టు చేతికొచ్చింది. ఈలోగా చుట్టాలకి "రక్తం తక్కువైంది" అని చెప్పాం. తెల్లకణాలు లెక్కలేనన్ని ఉంటే రక్తం తక్కువైందని చెప్పడం!

డాక్టరుగారు ఓపీ చీటీ వెనక బొమ్మ గీసి చెప్పారు. ఆ చీటీ ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. కణం విడిపోవాలంటే ఎవరో చెప్పాలి. బయట నుంచి వచ్చిన కబురుని లోపలికి చేరవేయడానికి కొన్ని ప్రొటీన్లుంటాయి. వాటిలో కైనేజ్‌లని ఒక రకం. ఇవి ఏటీపీ అనే పదార్థం నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి పక్క ప్రొటీన్‌కి అంటిస్తాయి. అది అంటగానే ఆ ప్రొటీన్ పనిలోకి దిగుతుంది, తన పక్కదాన్ని లేపుతుంది. అలా కబురు కేంద్రకం దాకా వెళ్తుంది. పని అయ్యాక ఆ ఫాస్ఫేట్ని ఊడదీసేవి వేరే ఉన్నాయి. ఏబీఎల్ అనేది అలాంటి కైనేజ్. అందరిలోనూ ఉంటుంది, అవసరమైనప్పుడు పని చేసి ఊరుకుంటుంది.

నాలో జరిగింది ఏమిటంటే, మజ్జలోని ఒక మూలకణంలో 9వ క్రోమోజోము ముక్క, 22వ క్రోమోజోము ముక్క ఒకదాని చోటికి ఒకటి మారిపోయాయి. 9లో ఉండాల్సిన ఏబీఎల్ జన్యువు వెళ్లి 22లో ఉన్న బీసీఆర్ అనే జన్యువుకి అతుక్కుంది. ఆ అతుకు నుంచి పుట్టిన ప్రొటీన్‌కి ఊరుకోవడం తెలీదు. ఎవరూ కబురు పంపకపోయినా "విడిపో, విడిపో" అని చెప్తూనే ఉంటుంది. నాకు వెంటనే మా మిషన్ మోటారు గుర్తొచ్చింది. పెడల్ లోపల స్ప్రింగు ఇరుక్కుంటే కాలు తీసేసినా సూది ఆగదు, గుడ్డని కుట్టుకుంటూ పోతుంది. అదే అడిగితే డాక్టరుగారు నవ్వి "సరిగ్గా అదేనమ్మా" అన్నారు. పొట్టిగా మిగిలిపోయిన ఆ 22వ క్రోమోజోమును 1960లో అమెరికాలో ఫిలడెల్ఫియా శాస్త్రవేత్తలు నోవెల్, హంగర్‌ఫర్డ్ కనిపెట్టారట, అందుకే దాన్ని ఫిలడెల్ఫియా క్రోమోజోము అంటారు. నా రిపోర్టులో "ఫిలడెల్ఫియా పాజిటివ్" అని చూసి మా తమ్ముడు అదేదో విదేశీ వైరస్ అనుకున్నాడు.

నేనడిగిన మొదటి ప్రశ్న, "పిల్లలకొస్తుందా?" రాదు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, పెద్దయ్యాక ఒక కణంలో జరిగిన మార్పు, వంశంలో దిగదు. ఆ ఒక్క మాటతో నాకు సగం టెన్షన్ దిగిపోయింది. రెండో ప్రశ్న మా ఆయనది, "కీమోకి ఎప్పుడు రావాలి?" రానక్కర్లేదు, రోజూ ఒక మాత్ర వేసుకోవాలి అన్నారు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. నిజం చెప్పాలంటే నమ్మలేదు. రక్త కేన్సరుకి మాత్రేమిటి, మనల్ని వదిలించుకుంటున్నారేమో అనిపించింది.

ఆ అనుమానం తీర్చింది డాక్టరు కాదు, బయట బెంచీ మీద కూర్చున్న బొబ్బిలి మామ్మ. అరవై దాటి ఉంటాయి. "నేనిది 2009 నుంచి మింగుతున్నానమ్మా, మనవరాలి పెళ్లి కూడా చేశాను" అంది. ఆ మాత్ర పేరు ఇమాటినిబ్, అమెరికాలో 2001లో వచ్చింది. అసలు కంపెనీ మందు ఇక్కడ నెలకు లక్ష రూపాయల పైన ఉండేది. మన దేశపు కంపెనీలు తయారు చేసినవి దాంట్లో పదో వంతుకే దొరికేవి. ఆ పేటెంటు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013 ఏప్రిల్ 1న కోర్టు ఆ కంపెనీకి పేటెంటు ఇవ్వక్కర్లేదని తేల్చింది. మామ్మకి కోర్టు గొడవ తెలీదు గానీ "అప్పుడు పది వేలు, ఇప్పుడు రెండు వేలు" అని వేళ్ల మీద చెప్పింది.

నవంబరు 23 రాత్రి భోజనం మధ్యలో మొదటి మాత్ర, ఇమాటినిబ్ 400. పెద్ద గ్లాసుడు నీళ్లతో. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం తన్నుకొస్తుంది. అందుకే నేను సగం అన్నం తిన్నాక మాత్ర, తర్వాత మిగతా అన్నం అని పెట్టుకున్నాను. వేసుకుని వెంటనే పడుకోకూడదు. నెలకు 2,400 ఖర్చు. డబ్బా మీద ముద్రించిన ధర చూసి బెదిరిపోకండి. అదే మందు కేన్సర్ మందులమ్మే హోల్‌సేల్ షాపులో సగానికి, ఒక్కోసారి అంతకన్నా తక్కువకి ఇస్తారు. బేరం ఆడడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. బట్టల షాపులో ఆడమా?

మూడు వారాల్లో తెల్లకణాలు మామూలుకొచ్చేశాయి. సంక్రాంతి నాటికి డొక్కలో బరువు పోయింది, కడుపునిండా తిన్నాను. చెమటలు ఆగాయి. మనిషిని లేచి కూర్చున్నాను. మందు చేసే మిగతా పనులు అప్పుడు బయటపడ్డాయి. పొద్దున లేచేసరికి కళ్ల కింద, రెప్పల మీద వాపు. స్కూలుకి పిల్లల్ని దింపడానికి వెళ్తే "ఏడ్చావా వదినా?" అని ఎదురింటి అమ్మాయి అడిగేది. రాత్రుళ్లు పిక్కలు పట్టేసేవి. అన్నిటికన్నా కష్టం వేళ్లు. జాకెట్ అంచు హెమ్మింగ్ చేస్తుంటే బొటనవేలు, చూపుడువేలు సూది పట్టుకున్నవి పట్టుకున్నట్టే బిగుసుకుపోయేవి. ఎడమ చేత్తో ఒక్కో వేలూ విప్పుకోవాల్సి వచ్చేది. ఆ ఏడాది చేతి పని తగ్గించుకుని ఫాల్, పికో మిషన్ పనే ఎక్కువ తీసుకున్నాను.

ఇంకోటి, రంగు. ఫిబ్రవరికల్లా నా ఒళ్లు తేలిపోయింది. చామనఛాయ మనిషిని, ఒక ఛాయ తెల్లబడ్డాను. ఏ క్రీము రాస్తున్నావని అడగని మనిషి లేదు. ఒకావిడ పేరు రాసిమ్మని కాగితం కూడా తెచ్చింది. మరిది చెప్పిందేమిటంటే, ఇమాటినిబ్ ఆ చెడ్డ ప్రొటీన్ని ఒక్కదాన్నే ఆపదు. దానికి పోలికలున్న ఇంకొన్ని కైనేజ్‌లనీ ఆపుతుంది. అందులో కిట్ అనేది ఒకటి. చర్మంలో రంగు తయారుచేసే కణాలకి కిట్ నుంచే కబురు అందాలి. ఆ కబురు తగ్గితే రంగూ తగ్గుతుంది. కళ్ల వాపు వెనక కూడా పీడీజీఎఫ్ అనే ఇంకో కబురు దారి ఆగడం ఉందన్నాడు. ఒళ్లంతా ఈ ప్రొటీన్లే తలో పనీ చేస్తున్నాయని, ఒకచోట గొంతు నొక్కితే ఇంకోచోట పని ఆగుతుందని నాకు అప్పుడు తలకెక్కింది. పొగిడిన వాళ్లకి మాత్రం "కొరాపుట్ చలి" అని చెప్పేదాన్ని.

ఇక అసలు సంగతి. ఈ జబ్బులో మందు మింగడం పెద్ద పని కాదు, మూడు నెలలకోసారి వచ్చే ఒక అంకె కోసం ఎదురుచూడటమే పని. రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత శాతం మిగిలి ఉందో పీసీఆర్ పరీక్షలో చూస్తారు. 3 నెలలకి 10 శాతం లోపు, 6 నెలలకి 1 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలి. దీనికి మజ్జ తీయక్కర్లేదు, మామూలు రక్తం చాలు. పరీక్ష 5,500. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించాలి, రిపోర్టు మీద "ఇంటర్నేషనల్ స్కేల్" అని ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే పాత అంకెతో పోల్చడానికి కుదరదు.

2023 ఫిబ్రవరిలో రైలు ఖర్చు మిగుల్చుకుందామని రాయగడలోనే ఒక కలెక్షన్ సెంటర్లో ఇచ్చాను. రక్తం దారిలో ఎక్కడ ఆగిందో, వారం తర్వాత "శాంపిల్ పాడైంది, మళ్లీ ఇవ్వండి" అని మెసేజ్. ఈ పరీక్షకి కావలసిన ఆర్‌ఎన్‌ఏ చాలా నాజూకుదట, ఆలస్యమైతే పాడవుతుంది. డబ్బు తిరిగిచ్చారు గానీ వారం పోయింది. అప్పటి నుంచి విశాఖ వెళ్లే ఇస్తున్నాను. మార్చి నడుమ వచ్చిన అంకె 16.4.

ఒంట్లో ఏ బాధా లేదు. సీబీసీ చక్కగా ఉంది. బల్ల తగ్గిపోయింది. కాగితం మాత్రం బాలేదంటోంది. డాక్టరుగారు మొదట అడిగింది "ఎన్ని మాత్రలు మానేశావమ్మా?" అని. ఒక్కటీ మానలేదు. ఖాళీ అట్టలన్నీ దాచాను, సంచీలోంచి తీసి టేబుల్ మీద పరిచాను. ఆయన వాటిని చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంకేం మందులు, ఏం పసర్లు వాడుతున్నావని అడిగారు. ఏమీ లేవు. ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు. మే నెలాఖరు పరీక్షలో 11.2. ఆరు నెలలకి 10 దాటి ఉంటే ఆ మందు పని చేయనట్టే లెక్క.

జూన్‌లో మ్యుటేషన్ పరీక్షకి, అంటే ఆ అతుకు ప్రొటీన్‌లో ఇంకేమైనా మార్పు వచ్చిందేమో చూడటానికి, రాశారు. ఇది నా మొత్తం కథలో అన్నిటికన్నా చెడ్డ రోజులు, బోన్‌మ్యారో కన్నా కూడా. ఇమాటినిబ్ వెళ్లి ఏబీఎల్ ప్రొటీన్లో ఏటీపీ కూర్చునే గుంటలో కూర్చుంటుంది. ఏటీపీకి చోటు లేకపోతే అంటించడానికి ఫాస్ఫేట్ ఉండదు, కబురు ఆగుతుంది. ఆ గుంట ఆకారం మారిపోతే మందు అందులో పట్టదు. అలాంటి మార్పుల్లో టీ315ఐ అనేది ఒకటి ఉంది. 315వ స్థానంలో థ్రియోనిన్ ఉండాల్సిన చోట ఐసోల్యూసిన్ వస్తుంది, ఒకే ఒక్క అమైనో యాసిడ్ తేడా. అది ఉంటే ఇమాటినిబ్ ఒక్కటే కాదు, తర్వాత వచ్చిన డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా పనిచేయవు. దానికి పోనాటినిబ్ లాంటి వేరే మందులున్నాయి, వాటి ధరలు వేరే లోకం. మరిది ఇదంతా ఆపుకోలేక చెప్పేశాడు. చెప్పకుండా ఉంటే బాగుండేదని ఆ రోజుల్లో వాణ్ని తిట్టుకున్నాను.

రిపోర్టుకి దాదాపు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఏం కుట్టానో నాకు తెలీదు. ఒకావిడ జాకెట్‌కి రెండు చేతులూ ఒకే వైపువి వేసేశాను. పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి, అది అన్నం తింటూ "అమ్మా, నువ్వు మంచంలో పడుకోవట్లేదు కదా, మరి జబ్బెక్కడ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా ఆయన ఆ నెలలో మా స్థలం కాగితాలు బీరువాలోంచి తీసి చూడటం నేను చూశాను. చూడనట్టు వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఏ మ్యుటేషనూ దొరకలేదు. ఆ ఫోన్ వచ్చినప్పుడు మార్కెట్లో వంకాయలు ఏరుతున్నాను. వంకాయలు అక్కడే వదిలేసి నడిచి ఇంటికొచ్చేశాను.

2023 జూలైలో డాసాటినిబ్ 100 మొదలైంది. ఇది గుంటలో ఇంకా గట్టిగా పట్టుకుంటుందట. నెలకు 4,800, అంటే రెట్టింపు. దీన్ని తిన్నాకైనా తినకముందైనా వేసుకోవచ్చు. కానీ ఒక్కటి మటుకు గోడ మీద రాసి పెట్టుకోండి: గ్యాస్ మాత్రలు కూడదు. పాంటప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కడుపులో యాసిడ్ తగ్గిస్తాయి, యాసిడ్ లేకపోతే డాసాటినిబ్ ఒంటికి సరిగ్గా పట్టదు. మన దగ్గర పన్ను పీకినా, జ్వరమొచ్చినా చీటీలో పైన ఒక గ్యాస్ మాత్ర ఉంటుంది. మందుల షాపువాడు అడగకుండానే ఒక అట్ట వేస్తాడు. నేను ఎక్కడికెళ్లినా ముందే చెప్తాను. ఒక దంతాల డాక్టరుగారు "అది ఏం చేస్తుందమ్మా" అని కొట్టిపారేస్తే మా విశాఖ డాక్టరుగారి చీటీ చూపించాను. చీటీలోంచి ఆ మాత్ర కొట్టేశారు.

మొదటి నెల తలనొప్పి, ప్లేట్‌లెట్లు 62,000కి దిగాయి. 50,000 లోపుకి పోతే మందు ఆపాలన్నారు. పోలేదు, మెల్లగా పెరిగాయి. వేళ్లు బిగుసుకుపోవడం తగ్గింది, చేతి పని మళ్లీ మొదలుపెట్టాను. నా రంగు కూడా నాకు తిరిగొచ్చేసింది. ఇప్పుడు "నల్లబడ్డావేంటి, ఒంట్లో బాలేదా?" అని అడుగుతున్నారు. ఏం చెప్పను!

బీసీఆర్-ఏబీఎల్ అంకె అక్టోబరులో 1.3 శాతం. 2024 జనవరిలో 0.2. జూలైలో 0.05. ఆ 0.05 కాగితాన్ని మా ఆయన చాలాసేపు చేతిలో పట్టుకుని సున్నా తర్వాత చుక్క ఎక్కడుందో రెండుసార్లు అడిగారు.

సెప్టెంబరులో ఇంకో బెదురు. దగ్గు, పడుకుంటే ఊపిరి అందకపోవడం. దసరా సీజను కదా, బట్టల దుమ్మనుకుని మాస్క్ కట్టుకుని కుట్టాను. ఎక్స్‌రే తీస్తే ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు. డాసాటినిబ్ వాడేవాళ్లలో ఇది తెలిసిన ఇబ్బందే, మొదటి రోజు ఇచ్చిన కాగితంలో కూడా ఉంది. మందు ఆపించి, నీరు పోయే మాత్రలిచ్చి, తగ్గాక 70కి తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. మందు ఆపిన ఆ రోజుల్లో అంకె పెరుగుతుందేమోనని భయం. పెరగలేదు. 2025 జనవరిలో 0.008.

ఈ మందుల మీద ఉండగా గర్భం రాకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పారు. మాకిద్దరు పిల్లలున్నారు కాబట్టి సరిపోయింది. పెళ్లి కావలసిన అమ్మాయిలైతే ఈ సంగతి సిగ్గుపడకుండా డాక్టరుతో ముందే మాట్లాడాలి.

మందు ఎప్పటికైనా ఆపొచ్చా అని అడిగాను. కొంతమందికి ఆపుతారట. ఏళ్ల తరబడి మందు వాడి, అందులో 0.01 లోపు కనీసం రెండేళ్లు నిలకడగా ఉంటే. ఆపిన వాళ్లలో ఇంచుమించు సగం మందికి మళ్లీ పెరుగుతుంది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. మళ్లీ మందు మొదలుపెడితే చాలావరకు లొంగుతుంది. కాకపోతే ఆపాక మొదట్లో నెలనెలా పీసీఆర్ చేయించాలి. ఇంటికొచ్చి లెక్క వేశాను. మాత్రలు నెలకు 4,800, పరీక్ష 5,500, పైన ఇద్దరికి విశాఖ రానుపోను చార్జీలు. ఆపినా మొదట్లో ఖర్చు పెద్దగా తగ్గదు. పైగా నాకింకా ఆ రెండేళ్లు నిండలేదు. నిండాక అడుగుతాను.